రేపటి సంగతి రాత్రి పదింటికి చెప్పకండి: అనంతపురం కాలేజీల పెద్దలకు బహిరంగ లేఖ

అనంతపురం నగరంలోని డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్లకు, ఎన్‌సీసీ అధికారులకు, కల్చరల్, స్పోర్ట్స్ బాధ్యతలు చూసే సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను రోజూ ధర్మవరం నుంచి బస్సులో వచ్చి ఇక్కడ బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్‌ని. మొదటి ఏడాది నుంచీ, చేతుల్లో చెక్కలు కొడుతూ ఆడే చెక్కభజన కాలేజీ జట్టులో ఉన్నాను. ఇంకొన్ని నెలల్లో టీసీ తీసుకుని వెళ్లిపోతాను కాబట్టి ఈ లేఖలో అడిగేవి ఏవీ నా దాకా రావు. నా వెనక వచ్చే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు అందితే చాలు.

ముందు ఒక రోజు సంగతి చెప్తాను.

రెండో సంవత్సరంలో ఒక శుక్రవారం రాత్రి 9:50కి మా గ్రూపులో మెసేజ్ వచ్చింది. ‘రేపు ఉదయం 7 గంటలకు ర్యాలీ. వాలంటీర్లందరూ టీషర్టుతో తప్పనిసరిగా హాజరు కావాలి. రాని వారి పేర్లు తొలగించబడును.’ అప్పటికి నా టీషర్టు బకెట్లో నానుతోంది. దాన్ని పిండి, ఫ్యాను కింద కుర్చీ వీపుకు ఆరేసి, మరుసటి రోజు మధ్యాహ్నం ఉన్న ల్యాబ్ ఇంటర్నల్ పరీక్షకు పదకొండున్నర దాకా చదివాను. నాలుగున్నరకు లేచి, ఇంకా తడి వదలని టీషర్టు వేసుకుని, చీకట్లోనే బస్సెక్కాను. ఏడింటికి గేటు దగ్గర ఉన్నాను. ముఖ్య అతిథి రావడానికి 9:15 అయింది. ర్యాలీ నడిచింది నలభై నిమిషాలు. దానికి ముందు నిలబడిందీ, ఆ తర్వాత ఫోటోలకు నిలబడిందీ మూడు గంటలు.

మధ్యాహ్నం ల్యాబులో టైట్రేషన్. ఫ్లాస్కులోని ఆమ్లంలో రంగు చూపే ఫినాఫ్తలీన్ వేశాక, బ్యూరెట్ గొట్టం నుంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబి రంగు వచ్చి నిలిచిన చోట ఆపాలి. మొదటి ఏడాది నుంచి ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ఆ రోజు నా కళ్లు మూతలు పడుతున్నాయి. బ్యూరెట్ కాక్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. చూసేసరికి ఫ్లాస్కంతా ముదురు గులాబి. రెండోసారి చేయడానికి సమయం లేదు. సాయంత్రం నాలుగింటికి చెక్కభజన రిహార్సల్ అన్నారు. స్పీకర్ వచ్చి మొదలయ్యేసరికి ఐదున్నర, వదిలేసరికి ఏడుంబావు.

ధర్మవరం బస్టాండులో దిగేసరికి తొమ్మిది దాటింది. నాయన సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. భుజం మీద టవలు, చొక్కా జేబులో ఎర్ర పట్టు చుట్టిన కండె ఒకటి. నేస్తూ నేస్తూ మార్చబోయిన కండెను జేబులో వేసుకుని అట్లే వచ్చేశాడు. నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఏడింటి నుంచి వచ్చిన ప్రతి బస్సునూ చూశాడట. తిట్టలేదు. “ముందే చెప్పింటే దానికి తగినట్టు చూసుకుందుము గదా పాపా” అన్నాడు, అంతే. ఆ సాయంత్రం రెండు గంటలు మగ్గం ఆడలేదు. మా ఇంట్లో నేసిన చీరకే కూలి. మగ్గం ఆగిన గంటను ఎవరూ తిరిగి ఇవ్వరు.

ఆ రోజు నాకు చెడు చేయాలని ఎవరూ అనుకోలేదు. ర్యాలీ పెట్టిన సార్ మంచి పని కోసమే పెట్టారు. ఇంటర్నల్ పెట్టిన మేడమ్ సిలబస్ ప్రకారమే పెట్టారు. చెక్కభజన నేర్పే గురువుగారు తన ఊరి నుంచి తన ఖర్చుతోనే వచ్చారు. ఒకే శనివారాన్ని ముగ్గురు పంచుకున్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ముగ్గురి సంగతీ తెలిసింది నాకొక్కదానికే. కానీ ఎవరికీ ‘కుదరదు’ అని చెప్పగలిగే చోట నేను లేను.

ఆ తర్వాతి సోమవారం నా మార్కులు చూసి, “టైమ్ మేనేజ్ చేసుకోవడం నేర్చుకో అమ్మా” అన్నారు మా మెంటర్. ఆ మాటను నేను పట్టించుకున్నాను. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రోజుకు 48 గళ్లు గీసి, ప్రతి అరగంటా ఏం చేశానో రెండు వారాలు రాశాను. అబద్ధం రాయకూడదని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను. వారానికి 168 గంటలు. సగటున నాకు తేలిన లెక్క ఇది. నిద్ర 46. తరగతులు, ల్యాబులు 36. బస్సు, బస్సు కోసం నిలబడటం 15. స్నానం, తిండి, తయారవడం 17న్నర. ఇంటి పని, అమ్మకు కండెలు చుట్టిపెట్టడం 14. ఎన్‌ఎస్‌ఎస్, చెక్కభజన, డిపార్ట్‌మెంట్ పనులు కలిపి 13. ఇంట్లో చదువు 8. ఫోన్ 11. మిగిలిన ఏడున్నర గంటలకు ఏం పేరు పెట్టాలో తెలియక చివరికి ‘ఎదురుచూపు’ అని రాశాను. అతిథి కోసం, సంతకం కోసం, గది తాళం కోసం, మైకు కోసం.

ఈ లెక్కలో నేను దిద్దుకోవాల్సింది ఉంది. ఫోన్‌కు పోయే 11 గంటలు చదువుకు పెట్టిన ఎనిమిది కంటే ఎక్కువని చూసి ఆ రాత్రి చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ఫోన్ నాయన మగ్గం పక్కన గూట్లో పెట్టి, చదువు అయ్యాకే తీసుకుంటున్నాను. ల్యాబ్ రికార్డు అదే రోజు, బస్సెక్కక ముందే లైబ్రరీలో కూర్చుని రాసేస్తున్నాను. మర్నాటికి వదిలితే అరగంట పని రెండు గంటలవుతుంది, ఎందుకంటే రీడింగులు గుర్తుండవు. బస్సులో సీటు దొరికితే సమీకరణాలు రాసుకున్న చిన్న అట్టముక్కలు చదువుతాను, సీటు దొరక్కపోతే కళ్లు మూసుకుని మనసులో అప్పజెప్పుకుంటాను. ఆదివారం సాయంత్రం అమ్మ పక్కన కండెలు చుడుతూ వచ్చే వారం ఏ రోజు ఏముందో ఆమెకు చెప్తాను. అలా చెప్తున్నప్పుడే రెండు పనులు ఒకే రోజు పడ్డాయని తెలిసిపోతుంది. డిపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో పేరు తీయించుకున్నాను. ఆ రోజు సార్ ముందు నిలబడి ఆ మాట చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఇలా చేసి ఫోన్ 11 గంటల్ని నాలుగుకు తెచ్చాను. చదువు 8 నుంచి 16కు వెళ్లింది. కానీ ఏడున్నర గంటల ఎదురుచూపులో ఒక్క నిమిషం కూడా తగ్గించలేకపోయాను. అది నా చేతిలో లేదు. మీ చేతిలో ఉంది.

మీరు మమ్మల్ని చదువు ఒక్కటే కాదు, సేవ కావాలి, ఆట కావాలి, కళ కావాలి అంటారు. నిజమే. మహాత్మా గాంధీ శత జయంతి ఏడాదిలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. ‘నేను కాదు, మీరు’ అన్నది దాని మాట. వాలంటీరు ఏడాదికి 120 గంటలు, రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. ఆ శిబిరంలో నేను నేర్చుకున్నది ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూనే వాన పడే మన జిల్లాలో, ఆ కొంచెం నీళ్లు కూడా గుట్ట మీది నుంచి జారిపోకుండా వాలుకు అడ్డంగా కందకం ఎలా తవ్వాలో ఆ ఊరి రైతే మాకు చూపించాడు. నేను పాఠంలో చదివింది ఆయన చేతిలో పారగా కనిపించింది. ఒక అవ్వ తన పాస్‌బుక్ తెచ్చి, పింఛను పడిందో లేదో చదివి చెప్పమంది. చదివి చెప్తే నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ రోజు నుంచి నా చదువు నాకు వేరేగా కనిపిస్తోంది.

చెక్కభజన సంగతి కూడా అంతే. మొదటి నెలంతా చెక్కలు పట్టుకునే చోట బొటనవేలి దగ్గర తోలు లేచి, రికార్డు రాయడానికి పెన్ను పట్టుకోలేకపోయేదాన్ని. గజ్జెలు కట్టుకుని పదహారు మందిమి గుండ్రంగా తిరుగుతూ ఒకేసారి వంగి ఒకేసారి లేచినప్పుడు, పదహారు జతల చెక్కలూ ఒక్కటే దెబ్బగా వినబడాలి. ఒక్కరు తడబడినా చెవికి తెలుస్తుంది. పక్కవాళ్ల అడుగు వింటూ నా అడుగు వేయడం అక్కడే వచ్చింది. మా తాతల కాలంలో గుడి ముందర రాత్రంతా ఆడేవాళ్లట. ఇప్పుడు కాలేజీ పిల్లలు పట్టుకోకపోతే ఇది ఎవరు పడతారు?

అందుకే ఇవి తగ్గించమని నేను అడగడం లేదు. ఇవి ఎవరికి అందుతున్నాయో ఒక్కసారి చూడమని అడుగుతున్నాను.

నేను చేరినప్పుడు మా చెక్కభజన జట్టులో బయటి ఊళ్ల నుంచి వచ్చిపోయే ఆడపిల్లలం ఏడుగురం. ఇప్పుడు ఇద్దరమే. మిగిలిన ఐదుగురిలో ఎవరికీ ఇష్టం పోలేదు. ఒకమ్మాయిది ఉరవకొండ వైపు పల్లె. బస్సు దిగాక ఇంకో మూడు కిలోమీటర్లు ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక. చీకటి పడ్డాక ఆ దారిలో రానివ్వనని వాళ్ల నాయన అన్నాడు. ఆయన తప్పేముంది? ఇంకో అమ్మాయి ఇంట్లో శెనక్కాయ పీకే రోజులు వచ్చాయి. పది రోజులు చేనికి పోతే, తిరిగొచ్చేసరికి ఆమె స్థానంలో వేరే అమ్మాయి. ఇప్పుడు జట్టులో ఉన్నవాళ్లు దాదాపు అందరూ హాస్టల్ వాళ్లు, నగరం నడిమధ్య ఉన్న టవర్ క్లాక్‌కు నడిచి వచ్చేంత దూరంలో ఇళ్లున్నవాళ్లు. వాళ్లు బాగా ఆడతారు, వాళ్ల మీద నాకే కోపమూ లేదు. కానీ చెక్కభజన పుట్టింది పల్లెల్లో. పల్లె నుంచి వచ్చే పిల్లే అందులో లేకుండా పోవడం నాకు చాలా కష్టంగా ఉంది. ఆమె బద్ధకం వల్లనో, చేతకాకనో మానలేదు. ఐదింటికి ఆపాల్సింది ఏడుంబావుకు ఆపడం వల్ల మానింది.

తాడిపత్రి నుంచి వచ్చే నా స్నేహితురాలు ఎన్‌సీసీలో ఉంది. ఎన్‌సీసీలో పై మెట్టు అయిన సీ సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే పరేడ్లలో 75 శాతం హాజరు ఉండాలి. సెమిస్టర్ పరీక్ష రాయాలంటే తరగతుల్లో 75 శాతం ఉండాలి. ఈ రెండు 75ల మధ్య ఆమె నలిగిపోతోంది. పది రోజుల క్యాంపుకు వెళ్లొస్తే ఆన్ డ్యూటీ కింద హాజరు వేయాలి. ఆ కాగితం మీద నాలుగు సంతకాలు. ఒకరు సెలవులో ఉంటే ఒకరు మీటింగులో. క్యాంపు పది రోజులైతే కాగితం నెల రోజులు. సీ సర్టిఫికెట్ బీ గ్రేడుతో ఉండి, డిగ్రీలో 50 శాతం మార్కులుంటే సైన్యంలో ఆఫీసర్ కొలువుకు ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాత పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఒక లారీ డ్రైవర్ కూతురికి అది ఎంత పెద్ద తలుపో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ తలుపు ఒక సంతకం దగ్గర ఆగకూడదు. బీటెక్ వాళ్లకైతే 75 తగ్గితే కండొనేషన్ (తగ్గిన హాజరును మన్నించే అనుమతి) కోసం తిరగాలి, 65 కూడా లేకపోతే ఆ సెమిస్టరే పోయినట్టు.

2020 జాతీయ విద్యా విధానం పాఠ్యాంశాలకూ ఇతర కార్యక్రమాలకూ మధ్య గట్టి గోడ ఉండకూడదంది. కాగితం మీద గోడ తగ్గింది కూడా. డిగ్రీలో మేం చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటలని లెక్క ఉంది, అది మార్కుల్లోకి వస్తుంది. బీటెక్ ఆర్23 సిలబస్‌లో మొదటి ఏడాదే ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, స్కౌట్స్, సమాజ సేవ కలిపి ఒక కోర్సుగా పెట్టారు, దానికి అర క్రెడిట్. జాతీయ క్రెడిట్ విధానం ఏడాదికి 1200 గంటలకు 40 క్రెడిట్లు అంటోంది. అంటే 30 గంటలకు ఒకటి. అర క్రెడిట్ అంటే 15 గంటలు. 120 గంటలు పనిచేసే వాలంటీరుకు ఆ లెక్కన నాలుగు రావాలి. క్రెడిట్లు మీరొక్కరే మార్చలేరని నాకు తెలుసు. కానీ సిలబస్ తేల్చే అకడమిక్ కౌన్సిల్‌లో, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చునేది మీలో వాళ్లే. అక్కడ ఈ లెక్క ఒకసారి చెప్పండి.

మిగతా వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సెమిస్టర్ మొదలైన మొదటి వారంలో ఒక బల్ల చుట్టూ అందరూ కూర్చుని ఒకే క్యాలెండర్ రాయండి. ఇంటర్నల్స్, ల్యాబులు, ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, ఆటలు, కల్చరల్స్ అన్నీ అందులో ఉండాలి. దాన్ని నోటీసు బోర్డులో పెట్టండి, మా అమ్మానాన్నలకు కూడా ఒక ప్రతి ఇవ్వండి. అది రాసేటప్పుడు ఈ నేల లెక్క కూడా చూడండి. శ్రావణంలో ధర్మవరంలో మగ్గాలకు ఊపిరాడదు. అక్టోబరు, నవంబరులో పల్లెల్లో శెనక్కాయ. మా నాయన ఎప్పుడూ అంటాడు, పడుగు సరిచేసుకోకుండా మగ్గం మీద కూర్చుంటే రోజంతా తెగిన పోగులు అతకడమే సరిపోతుందని. ఇప్పుడు కాలేజీల్లో మేమంతా చేస్తున్నది ఆ అతుకుల పనే.

అనుకోకుండా వచ్చే కార్యక్రమాలు ఉంటాయి, పైనుంచి ఆదేశం వస్తుంది, అది మీ తప్పు కాదు. అప్పుడు ‘తప్పనిసరి’ అన్న మాట తీసేయండి. రాగలిగిన వాళ్లు రండి అనండి. రానివాళ్ల పేరు కొట్టేయకండి. కనీసం మూడు రోజుల ముందు చెప్పలేని పనికి ఎవరినీ శిక్షించకూడదని మీకు మీరే ఒక నియమం పెట్టుకోండి. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయన కోసం ఆగకుండా మొదలుపెట్టండి. ర్యాలీ నడుస్తుండగా వచ్చి కలిస్తే ఆయనకూ గౌరవమే. రిహార్సళ్లు, ప్రాక్టీసులు ఐదింటికల్లా ఆపండి, వీలైతే వారంలో ఒక మధ్యాహ్నం పిరియడ్ అందరికీ ఒకేసారి ఖాళీ పెట్టండి. ఆన్ డ్యూటీ కాగితానికి ఒక్క సంతకం చాలు, పంపిన వాళ్లే వేస్తే సరిపోతుంది. కాలేజీ పని మీద పోయి ఇంటర్నల్ పోగొట్టుకున్న పిల్లలకు మరో రోజు పరీక్ష పెట్టండి.

ఆటనూ చదువునూ ఒకే చోట, ఒకదానికొకటి అడ్డం రాకుండా నడపడం ఈ ఊరికి తెలియని పని కాదు. 2010లో మన అనంతపురం క్రీడా గ్రామంలో స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ పేరుతో మొదలైన నాదల్ టెన్నిస్ పాఠశాలలో పల్లె పిల్లలకు టెన్నిస్‌తో పాటే ఇంగ్లీషు, కంప్యూటర్ నేర్పుతారు. 

ప్రతి సభలోనూ నీలం సంజీవరెడ్డి గారి మాట వస్తుంది. 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా మొదలైన మన ఆర్ట్స్ కాలేజీలో చదువుతూ, 1931లో స్వాతంత్ర్య పోరాటం కోసం చదువు వదిలేసి, చివరికి రాష్ట్రపతి అయ్యారని చెప్తారు. వింటుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ మా ఇళ్లలో ఒకసారి కాలేజీ మానితే తిరిగి రావడానికి దారి ఉండదు. మగ్గం గుంత, చేను, లేదా పెళ్లి. చదువూ సేవా రెండూ చేయగలిగేటట్టు మాకు దారి చూపండి.

ఇంకొక్క మాట. కొత్తగా చేరిన పిల్లలకు ఓరియంటేషన్ రోజు మూడు గంటలు ప్రసంగాలు పెడతారు. అందులో ఒక గంట తీసి, ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చి, 168 గళ్లు గీయించి, వాళ్ల వారాన్ని వాళ్లతోనే రాయించండి. బస్సు గంటలు, ఇంటి పని గంటలు కూడా రాయనివ్వండి. ఆ తర్వాత ఏ క్లబ్బులో చేరాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఒకదానిలో చేరితే చాలని, రెండోదానికి ‘కుదరదు సార్’ అంటే ఎవరూ ఏమీ అనరని ఆ రోజే మీ నోటితో చెప్పండి. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్లం మేమే. సార్‌కు ఎదురు చెప్పొద్దని చెప్పి పంపుతారు. మీరు చెప్తే తప్ప ఆ మాట మా నోట రాదు. కాగితం ఎలా గీయాలో చూపించడానికి నా నోట్‌బుక్ కావాలంటే ఇస్తాను, ఏ కాలేజీకైనా వచ్చి గంటసేపు చెప్తాను.

ఈ శనివారం మాకు రిహార్సల్ ఉంది. నాలుగింటికి మొదలుపెట్టి ఐదింటికి వదిలేస్తానని గురువుగారు సోమవారమే చెప్పారు. మానేసిన ఉరవకొండ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. వాళ్ల నాయనను అడిగి చెప్తానంది.

ఇట్లు
మీ విద్యార్థిని,
ధర్మవరం